ఊయల మినహా

హనుమకొండ,
జూలై 7

చిన్నమ్మా,

నిన్న ఔటింగ్ పాస్ తీసుకుని మీ ఇంటికి వెళ్లాను. తలుపు తీస్తూనే జీవన్ బాబాయి నా చేతిలో ఫోను పెట్టి "సదువు" అన్నాడు. నీ బదిలీ ఉత్తర్వు. "భార్యాభర్తలు ఒకే జిల్లాలో పనిచేసే వీలు కల్పిస్తూ" అన్న చోట ఆగిపోయాను. ప్రభుత్వం ఇంత మంచి వాక్యం రాయగలదని నాకు తెలియదు. మళ్లీ చదివి బాబాయికి ఇస్తే, ఆయన ఇంకోసారి చదువుకున్నాడు. ఎన్నోసారో అడగలేదు.

గౌతమి నానమ్మ పక్కన కూర్చుని పల్లీలు ఒలుస్తోంది. అమ్మ వస్తోందని చెబితే తలెత్తకుండా ఒకటే అడిగింది: "చిన్న బ్యాగుతోని వస్తదా, పెద్ద బ్యాగుతోనా?" చిన్న బ్యాగంటే నువ్వు రెండు రోజుల్లో వెళ్లిపోతావట. పెద్దదే అన్నాను. అప్పుడు లేచి అలమరలో కింది అర ఖాళీ చేయడం మొదలుపెట్టింది. అయిదేళ్ల పిల్ల తన బట్టలు తనే మడతపెట్టి పై అరలో కుక్కుతుంటే నానమ్మ వద్దనలేదు.

మా హాస్టల్లో ఫోన్లు వార్డెన్ బీరువాలో ఉంటాయని తెలుసు కదా. మిగతా అమ్మాయిలు దాన్ని శిక్ష అంటారు. బీఏలో తెలుగు తీసుకున్నాక నాకు మాత్రం అది నీకు ఉత్తరం రాయడానికి మంచి సాకు అయింది. ఇక నువ్వు ఈ ఊరికే వస్తే నేను ఎవరికి రాయాలి? ఆ ఒక్క దిగులు తప్ప అంతా సంతోషమే.

ఎప్పుడు వస్తున్నావో తేదీ రాయి.

నీ గీతిక

నాచారం,
జూలై 15

గీతికకు ఆశీస్సులు.

ఆఫీసు నుంచి వచ్చేసరికి నీ ఉత్తరం తలుపు కింద ఉంది. చదివి, అటక మీద నుంచి పెద్ద సూట్‌కేసు దింపాను. అది గది మధ్యలో ఇంకా తెరిచే ఉంది. తేదీ మాత్రం రాయలేను. ఎందుకో చెబుతాను.

ఉత్తర్వు ఒక్కటే చాలదు. నా చేతిలో ఉన్న స్టోరును ఇంకొకరు లెక్క చూసుకుని, అన్నీ అందాయని సంతకం పెడితేనే నన్ను వదులుతారు. మా స్టోరంటే ఉప్పల్‌లో ఒక పాత రేకుల షెడ్డు. జిల్లాల్లో హాస్టళ్లకు పోయే ఇనుప మంచాలు, బీరువాలు, కుట్టుమిషన్లు అందులో ఉంటాయి. నా స్థానంలోకి కొనుగోళ్ల సెక్షన్ నుంచి నరేందర్ అనే అతను వచ్చాడు. చెడ్డవాడు కాదు. బకెట్లను కూడా చేత్తో ముట్టుకుని లెక్కపెడతాడు. నిన్న సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చి, "అక్కా, అన్నీ ఉన్నయి. తొట్టెల ఒక్కటి లేదు" అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది. ఆ ఊయల నాది. గౌతమి పుట్టి సెలవు అయిపోయాక ఇక్కడ పిల్లను చూసుకునే వాళ్లు లేరు. ఇనుప స్టాండు ఊయల ఒకటి కొని స్టోరు మూలన పెట్టి, పిల్లను పక్కన ఉంచుకునే పనిచేశాను. మా ఆఫీసు ఊడ్చే రాములమ్మే దాన్ని సగం పెంచింది. గౌతమికి నడక వచ్చాక హనుమకొండ పంపించాం. ఊయల ఆ మూలనే ఉండిపోయింది.

కిందటేడు ఎండాకాలం మా శాఖ ఆస్తులన్నీ కంప్యూటరులో ఎక్కించడానికి కన్సల్టెంట్లను పెట్టింది. వస్తువుకు ఇంత అని వాళ్లకు ఇచ్చారు. కాబట్టి కంటికి కనబడ్డ ప్రతిదానికీ నంబరున్న రేకుముక్క కొట్టారు. గోడ గడియారానికి కొట్టారు, నీళ్లకుండ స్టాండుకు కొట్టారు. మంచాల పక్కనే ఉంది కాబట్టి ఊయలకూ కొట్టారు. వాళ్లు తెచ్చిన కట్టల మీద పేజీ పేజీకీ నేనే సంతకం పెట్టాను. మా దగ్గర కన్సల్టెంట్ల కాగితాలు చదివి సంతకం పెట్టే ఆనవాయితీ లేదు. తర్వాత రాములమ్మకు మనుమరాలు పుడితే, నా వస్తువే కదా అని ఊయల ఇచ్చేశాను. కాప్రాలో వాళ్లింట్లో ఉంది.

సోమవారం మా పరిపాలనాధికారి లక్ష్మీకాంత్ గారికి ఈ సంగతి చెబితే తేలిపోతుంది.

గౌతమి ఈ మధ్య ఫోను దగ్గరికి రావడం తగ్గించింది. ఎందుకో కనుక్కుని రాయి.

చిన్నమ్మ

హనుమకొండ,
జూలై 22

చిన్నమ్మా,

నీ ఉత్తరం మా గదిలో అందరికీ చదివి వినిపించాను, ఏమీ అనుకోవుగా. ప్రభుత్వ ఊయల అనగానే ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఊయలకు నంబరు కొట్టిన మనిషి దాన్ని ఒక్కసారి ఊపి చూశాడా అని అడిగింది ఒకమ్మాయి.

మీ లక్ష్మీకాంత్ గారూ నవ్వే ఉంటారు. నవ్వి సంతకం పెట్టే ఉంటారు. ఉన్నది ఉన్నట్టు చెబితే ఎవరైనా వింటారు, చెప్పడం సరిగ్గా ఉండాలి అంతే. నీకు రాయడం కష్టమైతే నాకు చెప్పు, అర్జీ నేను రాసిపెడతాను. మా సార్ ఈ మధ్య నా వ్యాసం తీసుకెళ్లి సీనియర్లకు చదివి వినిపించారు.

గౌతమి సంగతి అడిగావు. బాగానే ఉంది. ఆటలో పడి ఫోను దగ్గరికి రావడం లేదు, అంతకంటే ఏమీ లేదు. అలమరలో కింది అర మాత్రం అలాగే ఖాళీగా ఉంచింది. బాబాయి మరచిపోయి తన లుంగీ పెడితే తీసి బయట పడేసింది.

నీ గీతిక

నాచారం,
ఆగస్టు 3

గీతికకు ఆశీస్సులు.

లక్ష్మీకాంత్ గారు నవ్వలేదు. నేను చెప్పిందంతా విని, "మీదే అని నేను నమ్ముతనమ్మా. సిస్టం నమ్మాలె గద" అన్నారు. నేను సంతకం చేసిన పేజీ తీసి నా ముందే పెట్టారు. ఊయల, ఇనుము, ఒకటి. కింద నా పేరు.

ఆ ఊయలను కంప్యూటరు నుంచి తీసేయాలంటే కన్సల్టెంట్లే తీయాలి. వాళ్ల గడువు అయిపోయింది. కొత్తవాళ్లను పెట్టాలంటే టెండరు పిలవాలి. టెండరుకు సరిచూసిన ఆస్తుల జాబితా జతచేయాలి. ఊయల కనబడేదాకా ఆ జాబితా సరైనదని ఎవరూ రాసివ్వరు. పోనీ పాడైపోయిందని లెక్కలోంచి కొట్టేద్దామంటే దానికి కమిటీ వేయాలి. ఆ కమిటీ వచ్చి స్టోరులో ఊయలను కళ్లతో చూడాలి. ఏ వైపు నుంచి వెళ్లినా తిరిగి ఆ ఖాళీ మూలకే వచ్చి నిలబడుతున్నాను.

ఈ నెలాఖరులోగా హనుమకొండలో చేరకపోతే ఆ ఖాళీ ఇంకొకరికి ఇచ్చేస్తారు. మళ్లీ ఎప్పుడు బదిలీలు తెరుస్తారో ఎవరికీ తెలియదు.

ఉప్పల్‌లో ఇనుప సామాన్ల కొట్లన్నీ తిరిగి అచ్చం అలాంటిదే ఒకటి వెతికి పట్టుకున్నాను. నరేందర్ కన్సల్టెంట్ల ఫొటో తెరిచి చూపించాడు. మన ఊయలకు ఎడమ కాలు వంగి ఉంది. గౌతమి పట్టుకుని వేలాడినప్పుడు వంగింది. నేను మరచిపోయాను, ఫొటో మరచిపోలేదు. "అసల్ది ఒక్కరోజు తీస్కరా అక్కా, చూసి సంతకం వెడ్త" అన్నాడు. మరి తర్వాత రాములమ్మకు తిరిగి ఇవ్వొచ్చా అంటే తల అడ్డంగా ఊపాడు. అతనితో పనిచేసిన ఒకాయనకు కనబడని ఫ్యాను గురించి పింఛను ఆపేశారట. తన చార్జిలోకి వచ్చాక ఏదీ గేటు దాటనివ్వడు. అతన్ని తప్పుపట్టలేను.

ఆదివారం కాప్రా వెళ్లాను. రాములమ్మది ఒకటే గది. పాప ఊయలలో నిద్రపోతోంది. రాములమ్మ కింద కూర్చుని కాలితో ఊయల ఊపుతూ చిక్కుడుకాయలు తుంపుతోంది. "ఏం పనివడ్డది మేడమ్?" అని అడిగింది. ఊరికే ఇటు వచ్చాను అన్నాను. చాయ్ తాగి, బస్సెక్కి వచ్చేశాను.

సూట్‌కేసులో బట్టలు సగం ఉన్నాయి. పొద్దున కావలసినవి అందులోంచే తీసుకుని కట్టుకుంటున్నాను.

చిన్నమ్మ

హనుమకొండ,
ఆగస్టు 12

చిన్నమ్మా,

ముందు నీకు దాచిన సంగతి చెబుతాను. గౌతమి ఆటలో పడిందని రాశాను కదా, అది నిజం కాదు. పోయిన నెల వాళ్ల బడికి తల్లులను రమ్మన్నారు. బాబాయికి తను పనిచేసే బడి ఉంది, నానమ్మకు మోకాళ్లు. నేను వెళ్లాను. టీచరు నువ్వెవరని అడిగేలోపే గౌతమి నా చెయ్యి గట్టిగా పట్టుకుని "గీమెనే మా అమ్మ" అన్నది. టీచరు రాసుకుంది. బయటికొచ్చాక అట్ల ఎందుకు చెప్పినవ్ అంటే, "ఊకె అడుగుతరక్కా. ఇగ అడగరు" అన్నది. ఏడవలేదు. బెలూను కొనిమ్మని అడిగింది.

ఆ రోజు నుంచే అది ఫోను దగ్గరికి రావడం తగ్గించింది. నాకూ పుస్తకం మీద మనసు నిలవలేదు. నీ ఆగస్టు ఉత్తరం చదివాక ఇక ఊరుకోలేకపోయాను. చిన్నమ్మా, కోపం తెచ్చుకోకు. మీ శాఖ అధిపతికి నేనే అర్జీ రాసి పోస్టు చేశాను. నాలుగు పేజీలు. కన్సల్టెంట్ల సంగతి, నరేందర్ గారి భయం, గౌతమి ఖాళీ చేసిన అర, అన్నీ రాశాను. అందులో నాకు బాగా నచ్చిన వాక్యం ఇది: "ఆ ఊయల నేడు కాప్రాలో, మీ ఆఫీసు ఊడ్చే రాములమ్మ ఇంట్లో, ఒక పసిపాప నిద్రను మోస్తోంది." ముందు "ఉంది" అని రాశాను. తర్వాత "ఊగుతోంది" అని మార్చాను. "మోస్తోంది" దొరికిన పొద్దున ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ వాక్యం చదివిన మనిషి ఎవరైనా సంతకం పెట్టి తీరతాడు.

నువ్వు పెద్ద బ్యాగుతో దిగే రోజు కోసం చూస్తున్నాను.

నీ గీతిక

నాచారం,
ఆగస్టు 20

గీతికకు,

నీ అర్జీ చేరింది. మా శాఖలో ఒక కాగితం ఇంత తొందరగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. మొన్న జీపులో ముగ్గురు కాప్రా వెళ్లారు. చిరునామా నువ్వే ఇచ్చావు కదా. పాపను దింపించి ఊయలకు ఫొటోలు తీశారు. నాకు వచ్చిన మెమోలో మొదటి వాక్యం నీదే. "నిద్రను మోస్తోంది" తీసేసి "అనధికారికంగా ఉన్నది" అని పెట్టారు.

రాములమ్మది కాంట్రాక్టరు కింద ఉద్యోగం. విచారణ అయ్యేదాకా రావద్దన్నారట. నిన్న నా గదికి వచ్చి గడప బయటే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు. "నేను దొంగతనం జేసిన్నా మేడమ్?" అని అడిగింది. ఆ ఇల్లు నడిచేది ఆమె జీతం మీదే.

నరేందర్ నాకు సాయం చేస్తున్నాననే అనుకుంటున్నాడు. "గిదే మంచి మోక అక్కా. రాములమ్మ తాన దొరికిందని రాస్తరు, తొట్టెల స్టోరుకొస్తది, నేను సంతకం వెడ్త, నువ్వు పో" అన్నాడు. నిజమే. నేను నోరు మూసుకుని ఉంటే చాలు. ఈ నెలాఖరుకు గౌతమి దగ్గర ఉంటాను. రాములమ్మ పేరు పక్కన మాత్రం దొంగ అని ఉంటుంది.

లక్ష్మీకాంత్ గారు నన్ను శుక్రవారం రమ్మన్నారు.

నువ్వు ఇక ఎవరికీ ఏమీ రాయవద్దు.

స్వర్ణలత

హనుమకొండ,
ఆగస్టు 23

చిన్నమ్మా,

ఈ ఉత్తరం చాలాసార్లు మొదలుపెట్టి చింపేశాను. రాసిన ప్రతి మాటా అందంగా ఉండాలని చూస్తున్నట్టే కనబడుతోంది.

రాములమ్మ పేరు రాయకుండా ఉండాల్సింది. వాక్యానికి ఒక మనిషి పేరు, ఒక ఊరి పేరు ఉంటే నిజంలా ఉంటుందని రాశాను. ఆమె నిజంగా ఉన్న మనిషి అని అప్పుడు తట్టలేదు.

నువ్వు స్వర్ణలత అని సంతకం పెట్టావు.

నువ్వు ఏం చేసినా గౌతమికి నేను చెప్పుకుంటాను. రాకపోయినా చెప్పుకుంటాను.

గీతిక

నాచారం,
ఆగస్టు 30

గీతికా,

రేపు పొద్దున బస్సుకు బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం నాకంటే వెనకే వస్తుందేమో. అయినా ఇది కాగితం మీదే చెప్పాలనిపించింది.

శుక్రవారం లక్ష్మీకాంత్ గారి ముందు కూర్చుని వాంగ్మూలం రాసిచ్చాను. ఊయల నేనే బయటికి పంపాను, రాములమ్మ అడగలేదు, నేనే ఆటోలో ఎక్కించాను. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "గిట్ల రాస్తె మిమ్మల్ని ఇడిచిపెట్టెటందుకు ఉండదమ్మా. తెలిసే రాస్తున్నరా?" అన్నారు. తెలిసే అన్నాను. చించేయమంటారా అని కూడా అడిగారు. వద్దన్నాను. గౌతమికి ఏం చెప్పాలో వెతుక్కుంటూ మెట్లు దిగాను.

సాయంత్రం ఆయనే పిలిచారు. జీపులో వెళ్లినవాళ్లు నివేదిక ఇవ్వాలి, ఆయన ఫైలు మూయాలి. ఇద్దరికీ పనికొచ్చే దారి ఒకటి వెతికారు. "ఊయల (ఒకటి) మినహా మిగిలిన చార్జి అప్పగించడమైనది" అని టైపు చేయించారు. నరేందర్ మారు మాట లేకుండా సంతకం పెట్టాడు. ఊయల అతనికి అంటదు కదా.

ఇక ఆ స్టోరుతో నాకు సంబంధం లేదు. ఊయలతో మాత్రం ఉంది. ఎక్కడ పనిచేసినా అది నా చార్జిలోనే ఉంటుంది. ప్రస్తుతానికి దాని చోటు రాములమ్మ ఇల్లు అని కంప్యూటరులో ఎక్కించారు. మూడు నెలలకొకసారి నేను వచ్చి, చూసి, ఫొటో తీసి, బాగుందని రాసివ్వాలి. కమిటీ కొట్టేసేదాకా నాకు ప్రమోషన్ ఇవ్వరు. కమిటీ ఎప్పుడు వేస్తారని అడగలేదు.

రాములమ్మ నిన్నటి నుంచి పనికి వస్తోంది. నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నీ వాక్యం మంచిదే గీతికా. నిన్న మళ్లీ చదువుకున్నాను. మా ఆఫీసులో దాన్ని చదివినవాళ్లకు అందులో ఒక చిరునామా తప్ప ఏమీ కనబడలేదు. అది నీకు తెలియదు, ఆ వయసులో నాకూ తెలియదు. రాయడం మానకు. ఎవరి ఇల్లు చూపిస్తున్నావో ఒకసారి చూసుకుని రాయి.

చిన్నమ్మ

ఉప్పల్,
డిసెంబర్ 2

గీతికా,

ఆదివారం నువ్వు ఎలాగూ ఇంటికి వస్తావు, నోటితోనే చెప్పొచ్చు. గౌతమి ముందు చెప్పలేను. అందుకే వరంగల్ బస్సు కోసం కూర్చున్న చోట రాస్తున్నాను. దారిలో డబ్బాలో వేస్తాను.

ఇవాళ మొదటి తనిఖీ. పొద్దున బయల్దేరుతుంటే గౌతమి తన పాత స్వెట్టరు తెచ్చి, "తొట్టెల్ల ఉన్న పాపకు తొడుగు" అని ఇచ్చింది. నేను రావడం ఎందుకు ఆలస్యమైందని అది అడిగినప్పుడు, నీ ఊయలలో ఒక పాప పడుకుంది, లేపబుద్ధి కాలేదు అని చెప్పాను. దానికి అది సరిపోయింది. రాత్రి పడుకునే ముందు నా మీద కాలు వేసి, "ఆ పాప పండుకున్నదా?" అని అడుగుతుంది. పడుకుందంటే అదీ పడుకుంటుంది.

కాప్రా చేరేసరికి రాములమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. గది మధ్యలో ఊయల, దాని మీద ఉతికిన చీర కప్పి ఉంది. చీర తీసి చూశాను. దుమ్ము లేదు. నంబరు రేకును బూడిదతో తోమినట్టుంది, మెరుస్తోంది. పాప ఊయల పక్కన నేల మీద, బొంత మీద నిద్రపోతోంది. ఫొటో తీస్తాను, పాపను ఇందులో పడుకోబెట్టు అన్నాను.

రాములమ్మ కదల్లేదు. "జీపొచ్చిన కాడికెల్లి అందుల పండవెడ్తలేను మేడమ్" అన్నది. "గవర్నమెంటుది గద. కాలు ఇంకింత వంగితె మీ నౌకరి మీదికొస్తది."

పాప ఇప్పుడు ఏది దొరికితే అది పట్టుకుని లేచి నిలబడుతోందట. మొన్న ఊయల పట్టుకుంటే చేతి మీద కొట్టిందట. ఆ మాట నాకు మంచి కబురు చెబుతున్నట్టు చెప్పింది, నేను సంతోషిస్తాననుకుని. గదిలో మనిషి తిరగడానికి ఉన్న చోటంతా ఊయలదే. ఇంటివాళ్లు గోడకు ఒరిగి నడుస్తున్నారు. "మీదేనాయె గద మేడమ్, తీస్కపోతరా?" అని అడిగింది.

తీసుకుపోలేను. కంప్యూటరులో దాని చోటు ఆ ఇల్లు. వాకిట్లో పెట్టుకొమ్మని కూడా చెప్పలేను. "నాది గాదు రాములమ్మా. నా పేరు మీద ఉన్నది, అంతె" అన్నాను. ఆమె తలూపి, మళ్లీ చీర కప్పింది.

స్వెట్టరు నేల మీద పడుకున్న పాపకే తొడిగాను. ఫొటో తీశాను. కాగితంలో స్థితి అన్నచోట బాగున్నది అని రాశాను. వాడుకలో ఉన్నదా అన్నచోట ఉన్నది అని రాశాను. లేదని రాస్తే మళ్లీ జీపు వస్తుంది.

బస్సు వస్తోంది. ఈ రాత్రి గౌతమి అడుగుతుంది. ఊయలలోనే పడుకుందని చెబుతాను. ఆదివారం నిన్ను అడిగితే నువ్వూ అదే చెప్పు.

చిన్నమ్మ